కళాశాల నెట్‌వర్కు, కాపీ ఫైలు: ఎం.ఐ.టి. నుంచి మోరి గ్రామం దాకా

పరిచయం

కంప్యూటర్ల చరిత్రను యంత్రాల చరిత్రగా చదవడం మనకు అలవాటు. ఏ సంవత్సరంలో ఏ యంత్రం వచ్చింది, దాని వేగం ఎంత, దానిని ఎవరు తయారుచేశారు అనే విషయాలతోనే చాలా పుస్తకాలు సరిపెట్టుకుంటాయి. ఆ యంత్రాలను తీగలతో కలిపిన తరువాత మనుషులు వాటితో ఏమి చేశారన్నది వేరే చరిత్ర. ఈ పాఠంలో ఆ రెండో చరిత్రలోని ఒక భాగాన్ని పరిశీలిద్దాం. విశ్వవిద్యాలయాల నెట్‌వర్కులలో పాటలు, సినిమాలు, సాఫ్ట్‌వేర్లు, పుస్తకాలు అనుమతి లేకుండా ఎలా చేతులు మారాయి? దానిని ఆపడానికి జరిగిన ప్రయత్నాలు ఏమిటి? కంప్యూటర్ భద్రతకూ దీనికీ ఉన్న సంబంధం ఏమిటి? ఈ ప్రశ్నలు అమెరికాలో పుట్టినా, వాటికి సమాధానం వెతుక్కోవలసిన అవసరం ఇప్పుడు అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో చదువుకునే విద్యార్థికి కూడా ఉంది. ఈ పాఠ్యపుస్తకం పేజీలను ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే విద్యార్థికి కూడా ఇది వర్తిస్తుంది.

నేరం ఉంది, చట్టం లేదు

1988 నవంబరు 2న అమెరికాలో ఒక చిన్న ప్రోగ్రాం ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు తనంతట తానే పాకుతూ కొన్ని వేల యంత్రాలను స్తంభింపజేసింది. దానిని రాసిన రాబర్ట్ మోరిస్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలే. ఆనాటి ఇంటర్నెట్ అంటే ప్రధానంగా అవే. ఒకరినొకరు ఎరిగిన పండితుల కోసం కట్టుకున్న ఇల్లు కనుక తలుపులకు గడియలు పెట్టాలన్న ఆలోచన ఎవరికీ పెద్దగా రాలేదు. ఆ సంఘటన తరువాతనే కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం ఏర్పడింది. అదే తరహా సంస్థ మన దేశంలో 'సర్ట్-ఇన్' పేరుతో 2004లో పనిచేయడం మొదలుపెట్టింది.

మన అంశానికి ఇంకా దగ్గరి సంఘటన 1994లో జరిగింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎం.ఐ.టి.లో డేవిడ్ లామాషియా అనే విద్యార్థి కళాశాల కంప్యూటర్లపైనే ఒక పంపిణీ కేంద్రాన్ని నడిపాడు. సాఫ్ట్‌వేర్లు ఉన్నవారు అక్కడ పెట్టేవారు, కావలసినవారు తీసుకునేవారు. నష్టం పది లక్షల డాలర్లు దాటిందని ప్రభుత్వం ఆరోపించింది. అయితే అతను ఒక్క డాలరు కూడా తీసుకోలేదు. లాభం కోసం చేస్తేనే కాపీరైటు ఉల్లంఘన శిక్షార్హమైన నేరమని ఆనాటి అమెరికా చట్టం చెప్పేది. అందుకని ప్రభుత్వం అతనిపై తంతి మోసం కింద కేసు పెట్టింది. 1994 డిసెంబరులో న్యాయమూర్తి ఆ కేసును కొట్టివేశారు. అతని ప్రవర్తనను ఆయన మెచ్చుకోలేదు. ఒక చట్టంలో లేని నేరాన్ని మరొక చట్టంలోకి లాగి శిక్షించడం కుదరదన్నారు. ఆ లోటును పూడ్చడానికి 1997లో అమెరికా కాంగ్రెసు కొత్త చట్టం చేసింది. దాని ప్రకారం డబ్బు చేతులు మారకపోయినా నేరమే.

"నేను అమ్ముకోలేదు కదా, స్నేహితులకు పంపాను" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ వాదన మూలం ఈ కేసులో ఉంది. మన దేశంలో మాత్రం ఆ వాదన ఎన్నడూ బలమైనది కాదు. 1957 నాటి కాపీరైటు చట్టం 63వ సెక్షను తెలిసి ఉల్లంఘించినవారిని, అందుకు తోడ్పడినవారిని కూడా శిక్షిస్తుంది. ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపార లాభం లేనప్పుడు కోర్టు శిక్షను తగ్గించవచ్చు గాని నేరం నేరంగానే ఉంటుంది.

నాప్‌స్టర్, ఆ తరువాత

1999లో నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న షాన్ ఫానింగ్ 'నాప్‌స్టర్' అనే ప్రోగ్రాం తయారుచేశాడు. మీ కంప్యూటర్లో ఉన్న పాటల జాబితా ఒక కేంద్రానికి చేరుతుంది, కావలసినవారు నేరుగా మీ కంప్యూటరు నుంచి పాటను తీసుకుంటారు. అమెరికా హాస్టళ్ళలో అప్పటికే వేగవంతమైన నెట్‌వర్కు ఉండడం వల్ల అది గడ్డివామికి నిప్పంటుకున్నట్లు వ్యాపించింది. 2000 ఏప్రిల్‌లో 'మెటాలికా' అనే సంగీత బృందం నాప్‌స్టర్‌పై దావా వేస్తూ యేల్, ఇండియానా, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలను కూడా ప్రతివాదులుగా చేర్చింది. పాట కాపీ అయినందుకు విశ్వవిద్యాలయం ఎందుకు సమాధానం చెప్పాలి? తీగ దానిది కనుక, అన్నది దావా సారాంశం. కోర్టు ఉత్తర్వుల కారణంగా నాప్‌స్టర్ 2001 జులైలో మూతపడింది.

2003 ఏప్రిల్‌లో రికార్డింగ్ కంపెనీల సంఘం నలుగురు విద్యార్థులపై విడివిడిగా దావాలు వేసింది. వారు చదివేది రెన్సలార్, ప్రిన్స్‌టన్, మిషిగన్ టెక్ సంస్థలలో. కళాశాల అంతర్గత నెట్‌వర్కులో ఎవరి కంప్యూటర్లో ఏ ఫైలు ఉందో వెతికిపెట్టే చిన్న సర్వీసులు వారు నడిపారు. ఒక్కొక్క పాటకు లక్షా యాభై వేల డాలర్ల వరకు పరిహారం అడిగే వీలు ఆ చట్టంలో ఉంది. చివరికి ఆ నలుగురూ 12 వేల నుంచి 17,500 డాలర్ల వరకు చెల్లించి రాజీ చేసుకున్నారు. వెతికే యంత్రాన్ని నడపడం వేరు, కాపీ చేయడం వేరు అనే ప్రశ్న తేలకుండానే మిగిలిపోయింది. విద్యార్థి చేతిలో వకీలుకు ఇచ్చే డబ్బు లేనప్పుడు న్యాయసూత్రాలు ఇలాగే తేలకుండా ఉండిపోతాయి.

మన దేశంలో: ఇరుకు తీగ, వెడల్పు హాస్టలు

భారతదేశంలో విద్యాసంస్థల నెట్‌వర్కు 'ఎర్‌నెట్' 1986లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఆరంభమైంది. ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, బొంబాయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రం వంటివి దానిలో మొదటి సభ్యులు. ప్రజలకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగం ద్వారా. విశ్వవిద్యాలయాలకు కొంత మెరుగైన కనెక్షను 'యూజీసీ-ఇన్‌ఫోనెట్' ద్వారా 2002 తరువాత వచ్చింది. అప్పటికీ చాలాచోట్ల 256 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్ల లోపు వేగంతో వందలమంది సర్దుకోవలసి వచ్చేది.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక సీడీలో పట్టే 700 మెగాబైట్ల సినిమా 256 కిలోబిట్ల తీగ మీద రావాలంటే, ఇంకెవరూ దానిని వాడకుండా ఉంటే, సుమారు ఆరు గంటలు పడుతుంది. హాస్టలు గదుల మధ్య వేసిన 100 మెగాబిట్ల తీగ మీద అదే సినిమా ఒక నిమిషంలో పక్క గదికి చేరుతుంది. మన ఇంజనీరింగ్ కళాశాలల్లో 'డీసీ++' అనే ప్రోగ్రాం ఎందుకు రాజ్యమేలిందో ఈ లెక్కే చెబుతుంది. ఒక విద్యార్థి తన కంప్యూటరును 'హబ్'గా పెడతాడు. మిగిలినవారు తమ ఫోల్డర్లను పంచుతారు. హబ్‌లో ఫైళ్ళు ఉండవు, ఫైలు నేరుగా గది నుంచి గదికి వెళ్తుంది. ఒక్కడు బయటి నుంచి తెస్తే వెయ్యిమందికి సరిపోతుంది. ఊళ్ళో ఒక ఇంటికి వచ్చిన దినపత్రికను అరుగు మీద పదిమంది చదివినట్లే ఇదీ అని ఎవరైనా అనవచ్చు. అయితే పత్రిక చదివిన తరువాత కూడా ఒక్కటే ఉంటుంది. ఫైలు మాత్రం వెయ్యి ఫైళ్ళవుతుంది. కాపీరైటు చట్టానికి అభ్యంతరం ఉన్నది ఇక్కడే.

సంస్థలు దీనికి రకరకాలుగా స్పందించాయి. 2007లో ఐ.ఐ.టి. బొంబాయి హాస్టళ్ళలో రాత్రివేళ ఇంటర్నెట్‌ను ఆపివేసింది. చదువు, ఆటలు, నలుగురితో కలవడం తగ్గిపోతున్నాయన్నది అధికారులు చెప్పిన కారణం. మరికొన్ని చోట్ల ఫైర్‌వాల్ పెట్టి టొరెంట్ దారులు మూశారు. దారి మూసేకొద్దీ లోపలి పంపకం మరింత పెరిగింది. ఆ తరువాత పెన్‌డ్రైవ్, బయటి హార్డ్‌డిస్క్ వచ్చాయి. జేబులో వెళ్ళే వాటిని ఏ ఫైర్‌వాలూ ఆపలేదు.

కోనసీమలో ఇదే కథ మరో రూపంలో నడిచింది. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఉన్న ఈ ప్రాంతానికి వంతెనలు వచ్చేదాకా చాలా రేవుల్లో పంటు మీదనే ప్రయాణం. తీగలు కూడా ఆలస్యంగానే వచ్చాయి. ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత అని చెల్లించడం, సీడీ రాయించుకోవడం, ఆ తరువాత సెల్‌ఫోన్ల దుకాణంలో పది ఇరవై రూపాయలిచ్చి మెమరీ కార్డులో పాటలు 'లోడింగ్' చేయించుకోవడం చిన్న పట్టణాలన్నిటిలో జరిగినట్లే ఇక్కడా జరిగింది. హాస్టలు హబ్ చేసిన పనినే ఈ దుకాణం చేసింది. తేడా ఒక్కటే, ఇక్కడ డబ్బు చేతులు మారింది.

దొంగ ఎక్కడున్నాడు?

2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' చిత్రం విడుదలకు ముందే దాని మొదటి సగం, సుమారు గంటన్నర నిడివి, బయటికి వచ్చింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు దొరకడంతో పోలీసులు అక్కడినుంచి వెనక్కి ఆరా తీస్తూ పోయారు. ఆ దారి చిత్రనిర్మాణంలో పనిచేసిన వ్యక్తి దగ్గరకు వెళ్ళింది. అతని నుంచి అది ఒక కానిస్టేబులుకు, అతని నుంచి ఇతరులకు చేరిందని పోలీసులు వెల్లడించారు. ఏ హ్యాకరూ ఏ తాళమూ పగలగొట్టలేదు. లోపలికి వెళ్ళే హక్కున్న మనిషి డిస్కును పట్టుకుపోయాడు. కంప్యూటర్ భద్రత గురించి రాసే ప్రతి పుస్తకమూ 'లోపలి మనిషి' ప్రమాదం గురించి చెబుతుంది. మన తెలుగువారికి ఆ సూత్రానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అవసరం లేదు. నిర్మాతలు విడుదలను ముందుకు జరిపి సెప్టెంబరు 27న సినిమాను థియేటర్లకు తెచ్చారు. చిత్రం ఘనవిజయం సాధించింది. దానినిబట్టి పైరసీ వల్ల నష్టమే లేదని తేల్చేయడం తొందరపాటు. అంత పెద్ద నటుడు లేని చిన్న సినిమాకు అదే జరిగితే ఆ కథ వేరుగా ఉండేది.

2018 ఆగస్టులో 'గీత గోవిందం' విడుదలకు ముందు దాని సన్నివేశాలు బయటపడ్డాయి. గుంటూరులో పోలీసులు అరెస్టు చేసినవారిలో కళాశాల విద్యార్థులు ఉన్నారు. వారు చేసినదల్లా తమకు అందిన ఫైలును మరొకరికి పంపడం. ఎం.ఐ.టి. విద్యార్థి 1994లో చేసిన పనికి కళాశాల కంప్యూటర్లు కావలసి వచ్చాయి. గుంటూరు విద్యార్థులకు ఫోను చాలింది. 2022 మే 20న సుప్రీంకోర్టు 63వ సెక్షను కింది నేరం వారెంటు లేకుండా అరెస్టు చేయదగినదని, బెయిలు హక్కుగా రానిదని తీర్పు చెప్పింది. ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు పోలీసు ధ్రువీకరణ అవసరమయ్యే వయసులో ఉన్నవారు ఈ తీర్పు సంగతి తెలుసుకుని ఉండడం మంచిది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, థియేటర్లో సినిమాను రికార్డు చేసినవారికి కనీసం మూడు నెలల జైలు, 3 లక్షల రూపాయల జరిమానా విధించారు.

భద్రత మాట

కాపీరైటు ఉల్లంఘన, కంప్యూటర్ భద్రత అనే రెండింటినీ అధికారుల సర్క్యులర్లు ఒకే వాక్యంలో కలిపేస్తుంటాయి. నిజానికి అవి వేరువేరు. కొనుక్కున్న పాటను పంచినా కాపీరైటు ఉల్లంఘన కావచ్చు, దానిలో వైరస్ ఉండదు. ఉచితంగా, న్యాయంగా పొందిన ఫైలులో వైరస్ ఉండవచ్చు. అయితే ఈ రెండు దారులు కలిసే చోటు ఒకటుంది.

2017 మే 12న 'వాన్నక్రై' అనే ప్రోగ్రాం సుమారు 150 దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని జిల్లాల్లో దాని బారిన పడ్డాయి. అది దూరిన తలుపు విండోస్‌లో ఫైళ్ళు పంచుకోవడానికి ఏర్పాటుచేసిన పాత సదుపాయమే. ఆ లోపాన్ని సరిచేసే నవీకరణను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. నవీకరణ చేసుకోనివారు ఎవరు? పాత యంత్రాలున్న కార్యాలయాలు, పనిలో పడి వాయిదా వేసినవారు, దొంగ కాపీ విండోస్ బయటపడుతుందేమోనని నవీకరణను ఆపుకున్నవారు. సాఫ్ట్‌వేరు తాళం తీసే 'క్రాక్' ఫైలును నడపాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమని చెబుతారు. ఇంటికి కొత్తవాడు వచ్చి కుక్కను కట్టేయమన్నట్లు ఉంటుంది అది. 2008 చివరలో బయలుదేరిన 'కాన్‌ఫికర్' పెన్‌డ్రైవుల ద్వారా, పంచిన ఫోల్డర్ల ద్వారా పాకింది. ఆ కాలంలో కళాశాల ల్యాబుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి వైరస్ తెచ్చుకోని విద్యార్థి అరుదు.

2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షను ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటరు నుంచి సమాచారం తీసుకోవడం, వైరస్ చేర్చడం, నెట్‌వర్కును స్తంభింపజేయడం పరిహారం చెల్లించవలసిన పనులు. అవే దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా. కళాశాల ల్యాబు కంప్యూటరుకు యజమాని కళాశాల అన్న విషయం మరువరాదు.

మోరికి తీగ వచ్చిన రోజు

సఖినేటిపల్లి మండలంలోని మోరి జీడిపప్పుకు పేరున్న గ్రామం. 2016 డిసెంబరు 29న ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ గృహ కనెక్షన్లను ఆనాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఇక్కడే ప్రారంభించారు. పెద్దనోట్ల రద్దు జరిగి అప్పటికి రెండు నెలలు కాలేదు. మోరిని నగదురహిత గ్రామంగా కూడా ఆనాడే చూపించారు. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగడం ఈ పథకం ప్రత్యేకత. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, 15 మెగాబిట్ల ఇంటర్నెట్ ఇస్తామన్నారు. పదేళ్ళ కిందట ఒక విశ్వవిద్యాలయం మొత్తానికి 2 మెగాబిట్లు ఉన్నచోట, కొబ్బరితోటల మధ్య ఒక ఇంటికి అంతకు ఏడు రెట్లు! అదే ఏడాది సెప్టెంబరులో జియో రావడంతో ఫోను ఇంటర్నెట్ ధర కూడా పడిపోయింది.

దీని ఫలితం హాస్టలు హబ్‌ల మీద, మెమరీ కార్డు దుకాణాల మీద పడింది. రెండూ ఇంచుమించు కనుమరుగయ్యాయి. అరెస్టులు చేయలేని పనిని చౌక తీగ చేసిందనాలి. అయితే పైరసీ పోలేదు, ఇల్లు మారింది. టెలిగ్రాం చానళ్ళు, నేరుగా సినిమా చూపే సైట్లు వచ్చాయి. 2025 నవంబరులో 'ఐబొమ్మ' నిర్వాహకుడన్న ఆరోపణపై హైదరాబాదు పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. హాస్టలు హబ్‌లో పంచేవాడు పక్కగది స్నేహితుడు. ఈ సైట్లలో ఆ స్థానంలోకి బెట్టింగ్ ప్రకటనల వ్యాపారం వచ్చింది.

పుస్తకం సంగతి

ఇంతవరకు సినిమాల గురించే ఎక్కువగా చెప్పుకున్నాం. విద్యార్థికి నిజంగా అవసరమైనది పుస్తకం. ఇక్కడ చట్టం అంత కఠినంగా లేదు. బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని చేసుకునే ప్రతిని 52వ సెక్షను మినహాయిస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని జిరాక్స్ దుకాణంపై ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు 2012లో దావా వేశాయి. పాఠ్యాంశాలకు సంబంధించిన అధ్యాయాలను కలిపి కుట్టి ఇస్తున్నారన్నది ఫిర్యాదు. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దావాను కొట్టివేసింది. డిసెంబరులో ధర్మాసనం కేసును విచారణకు తిరిగి పంపినా, బోధనకు అవసరమైనంత మేరకు ప్రతులు తీసుకోవచ్చన్న సూత్రాన్ని సమర్థించింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావాను ఉపసంహరించుకున్నారు. దీనర్థం ఏ పుస్తకాన్నయినా మొత్తంగా పీడీఎఫ్ చేసి లోకానికి పంచవచ్చునని కాదు. మీ కోర్సుకు అవసరమైన భాగాన్ని మీ అధ్యయనం కోసం ప్రతి తీసుకోవడం దొంగతనం కాదని మాత్రమే.

పాత తెలుగు పుస్తకాలకు మరో లెక్క ఉంది. రచయిత మరణించిన తరువాతి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో మరణించారు. కనుక 2022 జనవరి 1 నుంచి ఆయన కథలు అందరివీ. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 2005లో మరణించారు. ఆయన 'పాలేరు' నాటకాన్ని 2065 చివరి వరకు వారసుల అనుమతి లేకుండా పంచరాదు. 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా'లో వేలకొద్దీ తెలుగు పుస్తకాలను స్కాన్ చేసినప్పుడు ఈ తేడాను అన్నిచోట్లా పాటించలేదు. తరువాత కాపీరైటు చిక్కుల వల్ల ఆ సైటు మూతపడింది. ఆ పుస్తకాలలో చాలాభాగం అప్పటికే ఆర్కైవ్.ఆర్గ్‌కు చేరాయి. అచ్చులో దొరకని తెలుగు పుస్తకాల కోసం పరిశోధకులు ఇప్పుడు వెళ్ళేది అక్కడికే.

పరిశోధన పత్రికల విషయం మరింత చిక్కుగా ఉంది. చందా కట్టలేని పరిశోధకులు 'సై-హబ్' మీద ఆధారపడ్డారు. 2020 డిసెంబరులో ఎల్సేవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ దానిపై ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. 2025 ఆగస్టులో ఆ సైటును దేశంలో నిరోధించాలని కోర్టు ఆదేశించింది. ఈలోగా 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం 'ఒకే దేశం – ఒకే చందా' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్ళకు 6 వేల కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, సుమారు 13 వేల పత్రికలు. కాకినాడ జె.ఎన్.టి.యు., రాజమహేంద్రవరం ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వంటి ప్రభుత్వ సంస్థలను ఉద్దేశించిన పథకం ఇది. మొదటి దశలో ప్రైవేటు కళాశాలలను చేర్చలేదు. కోనసీమలో ఇంజనీరింగ్, వైద్యం చదివేవారిలో ఎక్కువమంది ఉన్నది ప్రైవేటు కళాశాలల్లోనే. అమలాపురంలోని అటువంటి కళాశాల విద్యార్థికి కాకినాడలో తన స్నేహితుడు పత్రికా వ్యాసాన్ని తన లాగిన్‌తో దించి వాట్సాప్‌లో పంపితే, ఆ లాగిన్ ఒప్పందం దానిని అనుమతించదు.